చెరువు నిండిన వేళ

కంభం చెరువుకట్టపై నిలిచి చూచినవారికి ఒక విషయము ఎవరును చెప్పకయే తెలియును. వానలు మొగము చాటుచేసిన యేట ఆ చెరువు గర్భమున గొఱ్ఱెలు మేయును. గుండ్లకమ్మకు మంచి నీరు వచ్చిన యేట ఆ నేలయే కనుచూపుమేర జలమయమగును. నీరు చేరిన నాలుగు దినములకే కప్పల బెకబెకలతో రాత్రులు మారుమ్రోగును. అంతవరకు అవి యెచట నుండెనో ఎవ్వరును ఎరుగరు. చెరువు నిండిన కప్పలు చేరునను సామెత ఈ కట్టమీదనే పుట్టెనా అనిపించును.

కప్పలను నిందించి ప్రయోజనము లేదు. నీరున్న చోటికి చేరుట వాని ధర్మము. మనుష్యుడు అట్లు చేసినప్పుడే ప్రశ్న పుట్టుచున్నది. అట్టి ప్రశ్న నొకదానిని మొన్న నా తరగతిలో ఒక విద్యార్థి వేసెను.

ఆ దినము విభక్తులు చెప్పుచుంటిని. ప్రత్యయము మారిన అర్థమెట్లు మారునో చూపుటకై, “ప్రజలకొఱకు” అన్నచో చతుర్థి, “ప్రజలవలన” అన్నచో పంచమి. మొదటిదానిలో ఇచ్చుట కలదు, రెండవదానిలో పొందుట కలదు అని వివరించితిని. వెనుక బల్లపైనుండి ఒక కుఱ్ఱవాడు లేచి, “సార్, పార్టీలు మారే వాళ్లది ఏ విభక్తి?” అని యడిగెను. తరగతి నవ్వెను, నేనును నవ్వితిని. కాని వాడు కూర్చుండక, “మా నాయన ఓటేసిన ఆయన ఇప్పుడు వేరే కండువా కప్పుకున్నాడు సార్. మా నాయన ఓటు ఎవరికి పడినట్టు? మనిషికా, గుర్తుకా?” అనెను. ఈసారి ఎవ్వరును నవ్వలేదు. గంట కొట్టుటచే ఆనాడు నేను తప్పించుకొంటిని. ఆ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ ప్రశ్న నేటిది కాదు. ఆంధ్రరాష్ట్రము పుట్టకపూర్వమే ఇది మనలను వెంటాడినది. 1952 ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు శాసనసభయందలి 375 స్థానములలో కాంగ్రెసునకు లభించినవి 152 మాత్రమే. 1951లో కాంగ్రెసును వీడిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి నాయకత్వమున, కమ్యూనిస్టులు మొదలగు పక్షములు ఐక్య ప్రజాస్వామిక కూటమిగా నేర్పడి, తమకు 166 మంది సభ్యుల బలము కలదని చెప్పిరి. గవర్నరు శ్రీప్రకాశ మాత్రము రాజాజీని పిలిచెను. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రి యయ్యెను. 152తో మొదలైన లెక్క జూలైలో విశ్వాస పరీక్షనాటికి 200 అయ్యెను. ఎన్నికలలో కాంగ్రెసును ఎదిర్చి గెలిచిన చిన్న పక్షములవారును, స్వతంత్రులును అనేకులు ఆ మూడు నెలలలో ప్రభుత్వపు గొడుగు క్రిందికి వచ్చిరి. చెరువునకు నీరు చేరినదని వారికెట్లు తెలిసెనో చెప్పనక్కరలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను. కంభము, గిద్దలూరు, మార్కాపురము అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. కనుక రాజధాని మన జిల్లాలోనే యుండెనని మన తాతలు గర్వించిరి. 1952లో రాజాజీని ఎదిర్చిన ప్రకాశంగారే ఇప్పుడు కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి యైరి. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి, తెన్నేటి విశ్వనాథం ఆర్థికమంత్రి. ఇందుకై ప్రకాశంగారు తామున్న ప్రజా సోషలిస్టు పక్షమును వీడవలసివచ్చెను. పదుమూడు నెలలు గడచెను. 1954 నవంబరు 6న మద్యనిషేధ విధానమును గూర్చి వచ్చిన అవిశ్వాసమున ఆ మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలెను. రాష్ట్రపతి పాలన వచ్చెను. ఆ ఓటింగులో ప్రకాశంగారికి ఎదురు నిలిచిన కృషికార్ లోక్ పార్టీ, 1955 ఫిబ్రవరి ఎన్నికలలో కాంగ్రెసుతోను, ప్రకాశంగారి ప్రజాపార్టీతోను ఒకే కూటమిగా నిలిచెను. 196 స్థానములలో 146 ఆ కూటమికి దక్కినవి. కమ్యూనిస్టులకు నూటికి ముప్పదికి పైగా ఓట్లు వచ్చియు 15 స్థానములే మిగిలెను. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి యయ్యెను.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ప్రకాశంగారును పక్షములు మారిరి గదా! 1970లో మన ప్రాంతమును కలుపుకొని ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టుకొంటిమి గదా! అదే మాట ఎన్.జి. రంగాగారికిని చెల్లును. కాంగ్రెసునుండి 1951లో కృషికార్ లోక్ పార్టీకి, తిరిగి కాంగ్రెసునకు, 1959లో స్వతంత్ర పార్టీకి, అటుపిమ్మట మరల కాంగ్రెసునకు వారు ప్రయాణించిరి. వీరినందరిని ఒకే గాటను కట్టుట న్యాయమా? కాదని నా మనవి. 1951లో ప్రకాశంగారు, రంగాగారు కాంగ్రెసును వీడినప్పుడు అధికారము కాంగ్రెసునందే యుండెను. నిండిన చెరువును విడిచి ఎండిన నేలకు పోయినవారిని కప్పలతో పోల్చరాదు. వీడిన మరు సంవత్సరమే వారి పక్షములు ప్రజల యెదుట నిలిచి ఓటు అడిగినవి. 1953లో అధికారమునకై చేసిన పొత్తును గూర్చి మాత్రము చరిత్ర విద్యార్థులు వాదించుకొనవచ్చును, వాదించుకొనవలెను కూడ.

1967 తరువాత ఈ వ్యాధి దేశవ్యాప్త మయ్యెను. హర్యానాలో గయాలాల్ అను శాసనసభ్యుడు పదునైదు దినములలో మూడుమార్లు పక్షము మారుటచే “ఆయారాం గయారాం” అను నుడికారము పుట్టెను. 1967 మార్చి మొదలు ఒక్క సంవత్సరములో 438 ఫిరాయింపులు జరిగెను. వివిధ రాష్ట్రములలో పక్షము మారిన 210 మంది శాసనసభ్యులలో 116 మందికి మంత్రి పదవులు దక్కినవి. ఈ తుది సంఖ్య పైన చెప్పిన విభక్తి ప్రశ్నకు చాలవరకు సమాధానము చెప్పుచున్నది.

మనవారు గర్వింపదగిన సంగతి యొకటి ఇచట కలదు. ఈ రోగమునకు మందు వెదకుటకు ఉన్నత స్థాయి సంఘమును నియమింపవలెనని 1967లో లోక్‌సభయందు తీర్మానము ప్రతిపాదించినవారు పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు. వారు నల్లమల కావలనున్న మన పొరుగు నంద్యాల సభ్యులు. ఆ తీర్మానము ఫలితముగనే చవాన్ సంఘ మేర్పడెను. కాని మందు చేతికి వచ్చుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. ఈలోగా 1984 ఆగస్టు 16న ఎన్.టి. రామారావుగారిని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రి గావించుట, శాసనసభ్యులను బెంగుళూరు ప్రాంతమునకు తరలించి కాచుకొనుట, సరిగ నెల దినములకు సెప్టెంబరు 16న రామారావుగారు మరల పదవి నధిష్ఠించుట మన కన్నులముందే జరిగినవి.

1985లో 52వ రాజ్యాంగ సవరణ పదవ షెడ్యూలును చేర్చెను. స్వచ్ఛందముగ పక్షమును వీడినను, పక్షపు ఆజ్ఞకు విరుద్ధముగ ఓటు వేసినను సభ్యత్వము పోవును. అయితే మూడవవంతు సభ్యులు చీలినచో అది ఫిరాయింపు కాదని ఒక సందు మిగిల్చిరి. ఒంటరిగ దూకిన తప్పు, గుంపుగ దూకిన ఒప్పు అన్నట్లయ్యెను. 2003లో 91వ సవరణ ఆ సందును మూసెను. మూడింట రెండు వంతులవారు అంగీకరించిన విలీనమునకు మాత్రము అవకాశ ముంచెను. అనర్హుడైనవాడు తిరిగి ఎన్నికగువరకు, లేదా ఆ సభ గడువు తీరువరకు, మంత్రి కారాదనియు విధించెను. కాని తీర్పు చెప్పువాడు సభాపతి. ఎన్నాళ్లలో చెప్పవలెనో షెడ్యూలు చెప్పలేదు. సాధారణముగ మూడు నెలలు దాటరాదని 2020లో సుప్రీంకోర్టు అనవలసివచ్చెను.

ఈ గడువులేని తనము ఏమి చేయగలదో మన రాష్ట్రమే చూచినది. 2014లో తెలుగుదేశము, భారతీయ జనతాపార్టీ కూటమి ప్రభుత్వ మేర్పడిన తరువాత, ప్రతిపక్షమైన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గుర్తుపై గెలిచిన 23 మంది శాసనసభ్యులు తెలుగుదేశములో చేరిరి. గిద్దలూరు, యర్రగొండపాలెము సభ్యులును అందులో నుండిరి. 2017లో నలుగురు మంత్రులునైరి. సభ గడువు తీరువరకు ఒక్కరి సభ్యత్వమును పోలేదు. 2019 ఎన్నికలలో తెలుగుదేశమునకు దక్కిన స్థానములు సరిగ 23! ఆ పిమ్మట గాలి అటు వీచెను. తెలుగుదేశమునుండి నలుగురు ఆ పక్షమునకు చేరువైరి. తరువాత అధికార పక్షమునుండి నలుగురు ఇటు మరలిరి. ఆ ఎనమండుగురిపై అనర్హత వేటు పడినది 2024 ఫిబ్రవరిలో. అనగా సభ ముగియబోవు వేళ.

2024 జూనులో తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతాపార్టీల కూటమి 175 స్థానములలో 164 గెలిచి ప్రభుత్వము నేర్పరచెను. అంత బలమున్నవారికి ఎదుటివారితో అవసరమేమి? అయినను కప్పలు వచ్చుటకు చెరువు పిలువనక్కరలేదు. విశాఖపట్టణ నగరపాలక సంస్థలో 2021లో 98 స్థానములకు 58 గెలిచిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, 2025 ఏప్రిల్ 19న 74 ఓట్ల అవిశ్వాసముతో మేయరు పదవిని కోల్పోయెను. అదే కాలమున మఱియొక రీతియు కనబడినది. రాజ్యసభలో ఆ పక్షపు సభ్యులు ముగ్గురు 2024 ఆగస్టు, సెప్టెంబరులలో పక్షముతోపాటు సభ్యత్వమునకును రాజీనామా చేసిరి. వారిలో ఇద్దరు డిసెంబరులో కూటమి అభ్యర్థులుగ తిరిగి ఎన్నికైరి. దీనిని మెచ్చినను మెచ్చకున్నను, కుర్చీ వదలి గడప దాటుటకును, కుర్చీతో సహా గోడ దూకుటకును భేదము కలదని ఒప్పుకొనవలెను.

గోడ యనగానే నాకొక గోడ జ్ఞప్తికి వచ్చుచున్నది. మాది కంభమునకు ఆమడ దూరములోని పల్లె. మా నాయనయు పెదనాయనయు ఒకే వాకిట కాపురముండిరి. నా బాల్యమున ఒక ఎన్నికలో నాయన యొక నాయకుని పక్షమును, పెదనాయన ఎదుటి పక్షమును పట్టిరి. మాటకు మాట పెరిగెను. వాకిటి నడుమ ఛాతీ ఎత్తున మట్టిగోడ లేచెను. మా అమ్మయు పెద్దమ్మయు మగవారు చేనికి పోయిన వేళ ఆ గోడమీదుగా మజ్జిగ చెంబులు మార్చుకొనెడివారు. కొన్నేండ్లకు నాయన కొలిచిన ఆ నాయకుడు ఎదుటి పక్షములో, అనగా పెదనాయన పక్షములో చేరెను. ఆ వార్త నాయన పత్రికలో చదివెను. ఆ దినము అన్నము తినలేదు. ఇక గోడ పడగొట్టుదమా అని అమ్మ మెల్లగ నడిగెను. “ఆయనకేంది, కారెక్కి పోయినాడు. ఇన్నేళ్లు మాట్లాడకుండా ఉండి, ఇప్పుడు నేను ఏ మొగం పెట్టుకోని ఈ గోడ దాటేది?” అని నాయన తల వంచుకొనెను. పెదనాయన పోయిన దినమున నాయన వీధి చుట్టి తిరిగి ఆ గడప త్రొక్కెను. శవముయొక్క కాళ్లకడ కూర్చుండి, “అన్నా” అని ఒక్కమారు పిలిచెను. పందొమ్మిదేండ్ల తరువాత పిలిచిన పిలుపది.

నాయకుల పక్షనిష్ఠ ఒక పూటలో మారును. వారికొఱకు ఊళ్లలో పుట్టిన వైరములు ఒక పూటలో మారవు. పేరంటములు మానుకొన్నవారు, పొలము గట్లకడ తలలు పగులగొట్టుకొన్నవారు, కోర్టుల చుట్టు తిరిగినవారు అట్లే మిగిలిపోవుదురు. ఫిరాయింపునకు కట్టవలసిన మూల్యములో మంత్రివర్గములు కూలుట యొక చిన్న భాగమే. పెద్ద భాగము పల్లెలు కట్టుచున్నవి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి యొక్కటి. ఏ పక్షము మంచిదో బడిలో చెప్పుట మన పని కాదు. కాని ఒక నాయకుడు పక్షము మారెనని పిల్లలు వినినప్పుడు మూడు ప్రశ్నలు వేయుట నేర్పవచ్చును. ఆ పక్షము పేర పొందిన పదవిని వదలి మారెనా? మారిన పిమ్మట ఓటరుల యెదుట నిలిచెనా? మారుటవలన పోగొట్టుకొన్నదెంత, పొందినదెంత? ఈ మూడింటికి వచ్చిన సమాధానములనుబట్టి 1951నాటి ప్రకాశంగారిని, 1967నాటి గయాలాల్‌ను, నేటి మన నాయకులను పిల్లలే వేరుచేసి చూడగలరు.

మరునాడు తరగతికి పోయి ఆ కుఱ్ఱవానిని లేపితిని. “మీ నాయన ఓటు మనిషికిని గాదు, గుర్తునకును గాదు, ఆ మనిషి ఆ గుర్తు పట్టుకొని మీ గడపలో ఇచ్చిన మాటకు పడినది. మాట మార్చుకొనవలెనన్నచో ఆయన తిరిగి ఆ గడపకే రావలెను” అంటిని. వాడు కొంచెము సేపు ఆలోచించి, “వస్తాడులే సార్, ఎలక్షన్లప్పుడు. అప్పుడు నాకు కూడా ఓటుంటుంది” అని కూర్చుండెను. పాఠము షష్ఠీ విభక్తికి సాగెను.