నూటపదమూడు ఓటముల గుర్రం

పందెంలో గెలిచిన గుర్రానికే పేరు. జపాన్‌లో ఒక ఆడగుర్రం మాత్రం ఓడి ఓడి పేరు తెచ్చుకుంది. దాని పేరు హరు ఉరారా. 'హరు' అంటే వసంతం.

1996లో హొక్కైడోలో పుట్టింది. ఒళ్లు చిన్నది, బెదురెక్కువ. 1998 నవంబరులో కోచిలో తొలిసారి పరుగెత్తింది. ఇది మన కేరళ కొచ్చి కాదు, జపాన్‌లోని షికోకు దీవిలో ఉన్న ఊరు. ఆ రోజు చిట్టచివర వచ్చింది. తర్వాత రెండో స్థానం దాకా వచ్చిన రోజులున్నాయి. మొదటి స్థానం మాత్రం ఎన్నడూ దక్కలేదు.

గెలవని గుర్రానికి మేత దండగ అన్నది ఆ వ్యాపారం లెక్క. చాలావాటికి కబేళాయే గతి. శిక్షకుడు దాయ్ మునెఇషి దాన్ని అలా వదిలెయ్యలేదు. ఓడినా మళ్లీ బరిలోకి దించాడు.

2003లో ఓటములు వందకు చేరువవుతుంటే పత్రికలు రాశాయి. అప్పటికి కోచి మైదానమే అప్పుల్లో మునిగి మూతపడే స్థితిలో ఉంది. జనం దూరాల నుంచి వచ్చి హరు ఉరారా మీద పందెం టికెట్లు కొన్నారు. గెలుస్తుందని కాదు. జపనీస్‌లో 'అతరు' అనే మాటకు పందెం తగలడం, బండి వచ్చి తగలడం రెండూ అర్థాలే. ఈ గుర్రం టికెట్ ఎన్నడూ 'తగలదు' కాబట్టి దగ్గరుంటే ప్రమాదమూ తగలదని దాన్ని రక్షరేకులా దాచుకున్నారు. లాటరీ తగిలిందనే మనకు ఈ చమత్కారం ఇట్టే తెలుస్తుంది.

2004 మార్చి 22న జపాన్‌లో పేరుమోసిన జాకీ యుతాకా తాకె దానిపై స్వారీ చేశాడు. సుమారు 13 వేల మంది వచ్చారు. 11 గుర్రాల్లో పదోది! మొత్తం 113 పందేలు, ఒక్క గెలుపూ లేదు. కోచి మైదానం మాత్రం మూతపడలేదు.

ఓటమిని అమ్ముకుంటున్నారన్న విమర్శలూ వచ్చాయి. అందులో నిజం లేకపోలేదు. కానీ సందడి సద్దుమణిగి, పరుగు మానేసిన ఏళ్ల తర్వాత కూడా అభిమానులు చందాలు వేసుకుని దాని పోషణ చూశారు. 2025 సెప్టెంబరులో, 29 ఏళ్ల వయసులో అది కన్నుమూసింది.

టీచర్లూ, ఈ కథ తరగతిలో చెప్పి చూడండి. లాటరీకి మీ ఊరి భాషలో ఏ మాట వాడతారో పిల్లల్నే అడగండి. వెనక బెంచీలో కూర్చున్నవారిని ముందుగా అడగండి.