ఉప్పుగాలిలో ఎస్‌ఎల్‌ఆర్

మైపాడు ఒడ్డున ఆరుబయట వదిలేసిన కొడవలికి తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో అక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు కణం తానే నీటిని పీల్చుకుని తడి చుక్కవుతుంది. అందులోని క్లోరైడు ఇనుము మీది పలచని రక్షణ పొరను తొలిచేస్తుంది. నెల్లూరు తీరంలో కాపలాకు నిలబెట్టే ఏ తుపాకీకైనా మొదటి శత్రువు ఆ చుక్కే.

పోలీసు సెంట్రీల భుజాన మనం దశాబ్దాలుగా చూసిన ఆ పొడవాటి తుపాకీ ఎస్‌ఎల్‌ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. దాని పుట్టిల్లు బెల్జియం. ఎఫ్‌ఎన్ కంపెనీలో ద్యూదొనే సైవ్ రూపొందించిన ఎఫ్‌ఏఎల్ దీనికి మూలం. 1962లో మన సైనికులు ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగాల్సిన .303 రైఫిళ్లతో చైనాను ఎదుర్కొన్నారు. మరుసటి ఏడాది బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో 7.62 ఎం.ఎం. 1ఎ1 పేరుతో ఎస్‌ఎల్‌ఆర్ తయారీ మొదలైంది. మనవాళ్లు బ్రిటిష్ అంగుళాల నమూనా నుంచి కొన్ని, మెట్రిక్ నమూనా నుంచి కొన్ని లక్షణాలు తీసుకుని దాన్ని మలిచారు. అందుకే బయటి ఎఫ్‌ఏఎల్ విడిభాగాలన్నీ దీనికి అమరవు.

ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండే పేలుతుంది. మిగతా పని తుపాకీ తానే చేసుకుంటుంది. గుండు వెనక తరుముకొచ్చే వాయువులో కొంత బ్యారెల్ మీది సన్నని రంధ్రం గుండా పైకి వెళ్లి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఆ తోపుకు బోల్టు తోక పైకి లేచి తాళం విడుతుంది, ఖాళీ ఇత్తడి తొడుగు బయటపడుతుంది. స్ప్రింగు తిరిగి ముందుకు తోస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. ఎంత వాయువు పిస్టన్‌కు చేరాలో రెగ్యులేటర్ తిప్పి సరిచేయవచ్చు. రంధ్రంలో మసి, పిస్టన్ మీద తుప్పు పేరుకుంటే తోపు చాలదు. తొడుగు సగంలో ఇరుక్కుంటుంది.

ఇలాంటి చిన్న అడ్డంకి ఎంత నష్టం చేయగలదో ఈ తీరానికి తెలుసు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో మలినం చేరి ఒక కవాటం సరిగా మూసుకోలేదు, ఆమ్లం కారిపోయింది. 17 టన్నుల వాహనం అంతటితో సరి.

అందుకే తుపాకీల తనిఖీకి కూర్చున్న ఆర్మరర్, అంటే ఆయుధాలను సరిచూసే పనివాడు, ముందు మ్యాగజైన్ తీసేస్తాడు. ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని తేల్చుకుంటాడు. తర్వాత బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తుతాడు. లోపల నల్లటి వలయం కనిపిస్తే అక్కడ లోహం ఉబ్బిందేమోనని అనుమానించాలి. మ్యాగజైన్ పెదవులు వంగాయా, స్ప్రింగు నీరసించిందా చూస్తాడు. ఎస్‌ఎల్‌ఆర్ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌కు కార్గిల్ యుద్ధంలో చలికి మ్యాగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు ఊరికే రాలేదు.

చాలామంది మెరిసే బ్యారెల్ చూసి తృప్తిపడతారు. నా నమ్మకం మాత్రం గేజి మీదే. బోల్టుకు వెనక ఆసరాగా నిలిచే ఉక్కు ముక్క పేరు లాకింగ్ షోల్డర్. వెంట్రుక మందానికి తక్కువ తేడాలతో వేర్వేరు కొలతల్లో దాన్ని చేస్తారు. ఏ రైఫిల్‌కు ఏది సరిపోతుందో కొలిచి బిగించాలి. ‘గో’ గేజి పెడితే బోల్టు మూసుకోవాలి, ‘నో-గో’ పెడితే మూసుకోకూడదు. రెండోదాని మీదా మూసుకుందంటే తూటా వెనక సందు ఎక్కువైనట్టే. అరుగుదలో, అలసత్వమో, కంటికి కనిపించని తప్పును అది పట్టిస్తుంది.

చివరికి కాల్చి చూస్తారు. రాలిన తొడుగును ఆర్మరర్ ఏరి వేళ్ల మధ్య తిప్పుతాడు. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరుపు గీత ఉందంటే ఇత్తడి అక్కడ సాగింది. మరికొంత సాగితే తెగుతుంది. ఆ రైఫిల్ ఆ రోజు సెంట్రీ చేతికి వెళ్లకూడదు.