ఆడువారి వ్యాధి, మగవారి వారసత్వము

భూమికి పట్టాను, ఇంటికి దస్తావేజును, అప్పునకు నోటును భద్రపరచుకొనుటలో మనవారు నేర్పరులే. గోత్రప్రవరలు తడబడక చెప్పగల గృహస్థులును పెక్కుమంది గలరు. కాని మేనత్త యే జబ్బుతో మరణించినదని యడిగినచో ఆ గృహస్థే తెల్లమొగము వేయును. "రొమ్ములో ఏదో గడ్డ యట" యని గొంతు తగ్గించి చెప్పును. ఆ మరణము తన కుమార్తెకు సంబంధించిన విషయమని ఆయన యెరుగడు.

రొమ్ము క్యాన్సరు కొన్ని వంశములలో తరతరముగా దిగివచ్చుచున్నదను సంగతి క్రొత్తది కాదు. 1866లోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా తన భార్య కుటుంబములో నాలుగు తరముల స్త్రీలను ఈ వ్యాధి వెన్నాడిన తీరు వ్రాసి ప్రకటించెను. ఒక్క జన్యువులోని లోపము వలన ఇట్టి వ్యాధి వచ్చునను మాటను నూరేండ్ల తరువాతను పెక్కుమంది శాస్త్రజ్ఞులు నమ్మరైరి. అమెరికాలో మేరీ-క్లేర్ కింగ్ అను విదుషీమణి పట్టు విడువక వెదకి, 1990లో ఆ జన్యువునకు స్థానము 17వ క్రోమోజోములో గలదని చూపెను. 1994లో అది చేతికి చిక్కెను. దానికి బి.ఆర్.సి.ఏ.-1 అని పేరు. మరుసటి యేట 13వ క్రోమోజోములోని బి.ఆర్.సి.ఏ.-2 దొరకెను.

ఈ జన్యువులు వ్యాధిని కలిగించుటకై యున్నవి కావు, వారించుటకై యున్నవి. జీవకణములోని డి.ఎన్.ఏ. పోగు అప్పుడప్పుడు తెగుచుండును. దానిని తప్పు లేకుండ అతుకు పని వీనిది. ఈ జన్యువులు ప్రతి మనిషిలో రెండేసి ప్రతులుగా నుండును. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. తాటియాకుల గ్రంథమునకు నకలు వ్రాయునపుడు లేఖకుని చేత ఒక యక్షరము జారిన, దానిని చూచి వ్రాసిన ప్రతులలోను ఆ తప్పు నిలిచిపోవునట్లు, ఈ దోషము సంతతికి సంక్రమించును. ఒక ప్రతి చెడినను రెండవది పని నడపును. ఆ రెండవదియు ఏదో యొక కణములో చెడిన నాడు అతుకు దిక్కు లేక తప్పులు పేరుకొని ఆ కణము కట్టు తప్పును.

ఇట్లు వచ్చిన వ్యాధికి లక్షణములును వేరు. బి.ఆర్.సి.ఏ.-1 దోషమువలని గడ్డ తరచుగా చిన్నవయసులోనే కనబడును, వేగముగా పెరుగును. సామాన్యముగా రొమ్ము క్యాన్సరులలో నధికభాగమునకు స్త్రీహార్మోనులను పట్టుకొను గ్రాహకములుండును. వైద్యులు ఆ మార్గమును మూసి చికిత్స చేయుదురు. ఈ గడ్డలలో పెక్కింటికి హార్మోను గ్రాహకములు లేవు, హెర్-2 అనునదియు మితిమీరి యుండదు; కావున వానిని గురిపెట్టిన మందులు పారవు. బి.ఆర్.సి.ఏ.-2 వలన వచ్చునది చాలవరకు హార్మోను గ్రాహకములు గలదే. కాని ఆ దోషము పురుషులను సైతము విడువదు. అండాశయములకు రెండును శత్రువులే. అయితే ఆ లోపమే వైద్యునకు ఆయుధమును అయినది. అతుకు శక్తి కోల్పోయిన కణమునకు మిగిలిన మరమ్మతు దారిని గూడ మూసివైచు ఓలాపారిబ్ అను మందునకు అమెరికాలో 2014లో అండాశయ క్యాన్సరునకును, 2018లో రొమ్ము క్యాన్సరునకును అనుమతి లభించెను.

2017లో ప్రకటితమైన యొక పెద్ద పరిశీలన ప్రకారము 80 ఏండ్లు వచ్చులోపల మొదటి దోషము గల నూర్గురు స్త్రీలలో 72 మందికి, రెండవది గలవారిలో 69 మందికి రొమ్ము క్యాన్సరు వచ్చును. తక్కినవారికి రాదు. ఈ వ్యాధి సోకినవారందరిలో వంశాగతమైనవారు నూటికి 5 మొదలు 10 మందియే. కావున ప్రతి యింటను గుండెలు బాదుకొన నక్కరలేదు.

అసలు మన గృహస్థులు వినవలసిన మాట వేరొకటి గలదు. ఈ దోషము తల్లివలన వచ్చినట్లే తండ్రివలనను వచ్చును. కొడుకైనను కూతురైనను ప్రతి బిడ్డకు సంక్రమించుటకు సగము పాళ్లు అవకాశము. దోషము గల తండ్రి చాలవరకు ఆరోగ్యవంతుడై తిరుగుచుండును. మగపిల్లలే పుట్టిన వంశములో అది రెండు తరములు దాగియుండి, మూడవ తరమున ఒక ఆడపిల్ల యందు బయటపడును. అప్పుడందరును ఆమె తల్లివైపు చూతురు! తల్లిని, అక్కచెల్లెండ్రను గూర్చి యడిగి యూరకుండు వైద్యులును లేకపోలేదు. ఆంధ్రప్రదేశములో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు సమానభాగము 1986 నాటి చట్టము వలనను, దేశమంతటికి 2005లోను వచ్చినది. ప్రకృతి యీ యాస్తిని మొదటినుండియు సమముగనే పంచుచున్నది. ఇంటిపేరు మారినంత మాత్రమున అది వదలదు.

సంబంధములు చెడునని గడ్డ సంగతి దాచుట మనలో మర్యాదగా చెలామణి యగుచున్నది. ఆ మర్యాదకు మూల్యము చెల్లించునది ఆ యింటి చెల్లెలు. తెలిసిన స్త్రీ పాతికేండ్లనుండి యేటేట ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకొని, గడ్డ చిన్నదై యున్నప్పుడే పట్టుకొనవచ్చును. బిడ్డలను కన్న పిమ్మట అండాశయములు తీయించుకొనవచ్చును. తెలియనివారికి ఈ యవకాశము లేవి?

ఈ పరీక్ష సర్వులకు అందుబాటులోనికి వచ్చుటయు పోరాటము వలననే. మిరియడ్ అను అమెరికా కంపెనీ ఈ జన్యువులకు పేటెంటు పొంది, పరీక్షకు మూడువేల డాలర్లకు పైగా వసూలు చేయుచుండెను. మనిషి నెత్తురులోని అక్షరములకు ఒక వర్తకుడు యజమాని యగుటయా! 2013 జూను 13న అమెరికా సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరు నేకగ్రీవముగా, ప్రకృతిసిద్ధమైన డి.ఎన్.ఏ. ఎవరి సొత్తును కాజాలదని తీర్పు చెప్పిరి. నేడు మన నగరములలోని ప్రయోగశాలలును ఈ పరీక్ష చేయుచున్నవి. వ్యాధి వచ్చిన స్త్రీ జీవించియుండగా ఆమె రక్తమునే ముందు పరీక్షింపవలెను. దోషము బయటపడినచో పిమ్మట ఆమె అక్కచెల్లెండ్రకు, కుమార్తెలకు మాత్రమే గాక అన్నదమ్ములకును చేయింపవలెను. వారికిని కుమార్తెలు గలరు గనుక.