తలుపు తెరవవలసింది మీరే

చీకటి వసారా. చివర ఒక తలుపు. తలుపు వెనుక ఏదో నేలను గీరుతున్న చప్పుడు. తెరపైనున్న మనిషి చేతిలో దీపం మినుకుమినుకుమంటున్నది. ఆ మనిషిని నడిపించే మీట మీ చేతిలో ఉన్నది. ఇదంతా బొమ్మేనని మీకు తెలుసు. పక్కగదిలో ఇంటివారు నిద్రపోతున్నారనీ తెలుసు. అయినా వేలు కదలదు.

వీడియో గేములోని భయం సినిమా భయంతో తెగతెంపులు చేసుకొనేది ఇక్కడే. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' చిత్రాన్ని కళ్లు మూసుకొని చూసినవారు మనలో కొందరైనా ఉంటారు. మనం కళ్లు మూసుకున్నా కథ ఆగదు. వెళ్లకూడని చోటికి కథానాయిక తానే వెళ్తుంది. ఆ తప్పు మనది కాదు. ఆటలో అట్లా కుదరదు. మీరు కళ్లు మూసుకుంటే తెరపై మనిషి ఆ వసారాలోనే నిలబడి ఉంటాడు. మీరు అడుగు వేయనిదే కథ కదలదు. రాబోయే ఆపదకు తలుపు తీసే చెయ్యి మీదే.

మన ఆలంకారికులు భయానకాన్ని, బీభత్సాన్ని వేర్వేరు రసాలుగా లెక్కించారు. మొదటిదానికి స్థాయి భయం, రెండవదానికి జుగుప్స. గోథిక్ నవలలకు పేరుపొందిన ఆంగ్ల రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా, ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసంలో, దాదాపు ఇదే విభజన చేసింది. ఇంకా కనబడని దానికి బెదరడం వేరు, కనబడిన ఘోరానికి కొయ్యబారిపోవడం వేరు అని ఆమె వాదన. నెత్తురు, పేగులు, తెగిపడే తలలు గల ఆటలకు నేడు కొదవలేదు. వాటిని ఆడేవాడు పది నిమిషాలలో అలవాటుపడి, వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ఆడగలడు. జుగుప్స తొందరగా మొద్దుబారుతుంది. భయానికి ఆ జబ్బు లేదు, చూపించవలసిన దానిని దాచిపెట్టగలిగినంత కాలం.

ఈ దాచిపెట్టే విద్యను తొలినాటి యంత్రాల పేదరికమే నేర్పినది. 1982లో అటారీ సంస్థ 'హాంటెడ్ హౌస్' అనే ఆటను విడుదల చేసినది. బొమ్మలు గీయడంలో ఆ యంత్రం శక్తి చాలా స్వల్పం. తెరమీద ఆటగాడు రెండు కళ్లుగా మాత్రమే కనిపిస్తాడు. అగ్గిపుల్ల వెలిగిస్తే చుట్టూ కొద్దిమేర వెలుతురు. 1999లో జపానుకు చెందిన కొనామీ సంస్థ 'సైలెంట్ హిల్' తయారుచేసేనాటికి యంత్రాలు మెరుగుపడినవి గాని, దూరానవున్న వీధులనూ ఇళ్లనూ ఒకేసారి గీయడం ఆనాటి ప్లేస్టేషన్‌కు శక్తికి మించిన పని. ఆ లోటు కనబడకుండా ఊరంతా పొగమంచు కప్పారు. ఆ మంచే ఆటకు ప్రాణమైనది. అందులో కథానాయకుని వద్ద ఒక చిన్న రేడియో ఉంటుంది. ఏదైనా సమీపిస్తే అది గరగరమంటుంది. ఎటునుంచి వస్తున్నదో మాత్రం చెప్పదు. కాపాడవలసిన పరికరమే గుండె జారిపోయేట్లు చేస్తుంది. ఈ కళలో ఆ రేడియోను మించిన కల్పన నేను చూడలేదు.

అంతకు మూడేళ్ల ముందు, 1996లో, క్యాప్‌కామ్ సంస్థ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'లో గదినుంచి గదికి పోయేటప్పుడు నల్లని తెరపై ఒక తలుపు మెల్లగా తెరుచుకునేది. తరువాతి గదిని డిస్కునుంచి చదువుకోవడానికి యంత్రానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిని తలుపుతో మరుగుపరిచారు. ఆడేవారికి మాత్రం అది ఊపిరి బిగబట్టే క్షణం. తూటాలు తక్కువ. అంతవరకు ఆడినదానిని భద్రపరచుకోవాలంటే ఒక టైపురైటరు వద్దకు చేరాలి, దానికి సిరా రిబ్బను ఉండాలి. రిబ్బన్లు కూడా లెక్కపెట్టి ఇచ్చినవే. ఆ టైపురైటరున్న గదిలో సన్నని, శాంతమైన సంగీతం వినిపిస్తుంది. శత్రువులు అక్కడికి రారు. ఈ తెరిపి లేకపోతే ఆటగాడి మనస్సు అలసిపోయి, భయపడడమే మానుకుంటుంది.

2014 నాటి బ్రిటిష్ ఆట 'ఏలియన్: ఐసొలేషన్' మరొక మెట్టు ఎక్కినది. అందులో ఆటగాడిని వెంటాడే జంతువు వెనుక రెండు బుద్ధులు పనిచేస్తాయి. ఒకటి ఆటగాడు ఎక్కడున్నాడో ఎరుగును. అయినా నేరుగా చెప్పక, ఆ దాపులకు వెళ్లమని సైగ మాత్రం చేస్తుంది. రెండవది జంతువుది, అది చూపునూ వినికిడినీ నమ్ముకొని వెదుకుతుంది. అందువలన దాని రాకపోకలను వల్లెవేయడం కుదరదు. నిన్న ప్రాణం కాచిన బీరువాయే నేడు ప్రాణం తీయవచ్చు.

చూపు ఆనని దారి, చాలీచాలని సాధనాలు, వేళ తెలియని ఆపద, తప్పనిసరిగా తానే వేయవలసిన అడుగు. ఇవి ఆట కాని చోటు ఒకటి మన పొరుగునే ఉన్నది. ఈ పోలికను జంకుతూనే తెస్తున్నాను. చింతూరు దాటి, కోంట మీదుగా వెళ్తే ఛత్తీస్‌గఢ్‌లో దోర్నపాల్ వస్తుంది. అక్కడినుంచి బస్తర్ అడవిలోకి సుమారు 56 కిలోమీటర్లు పోతే జగర్గుండా. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత చుట్టుపక్కల పల్లెలవారిని అక్కడి శిబిరంలోకి చేర్చారు. చుట్టూ ముళ్లతీగె కంచె. మావోయిస్టులు దారిని తెగతవ్వి, మందుపాతరలు పెట్టారు. ఏళ్ల తరబడి బియ్యం, ఉప్పు, నూనె ఏడాదికి కొద్దిసార్లే, సాయుధ బలగాల కాపలాతో ఆ ఊరు చేరేవి. ఆ దారి పరిసరాలలోనే 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద, రోడ్డు పనికి కావలి కాస్తున్న 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు హతులయ్యారు.

అడుగు బరువుకు పేలే మందుపాతరకు ముఖం లేదు. దానిమీద కాలు మోపినది జవానో, ఇప్పపువ్వు ఏరుకునే స్త్రీయో, దారితప్పిన ఆవో అది చూడదు. దళానికి ముందు నడిచేవాని చేతిలోని లోహశోధక యంత్రం కూడా చప్పుడుతోనే హెచ్చరిస్తుంది. 'సైలెంట్ హిల్' రేడియో గుర్తుకురాక మానదు. అయితే ఆట ఊహించి కల్పించిన దానిని ఇక్కడ మనుషులు కాలినడకన అనుభవించారు.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక భూతగృహ ప్రదర్శనకు వచ్చిన 110 మంది గుండె కొట్టుకునే తీరును పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా సందర్శకులకు ఆనందం తగ్గినది. మధ్యస్థంగా ఉన్నప్పుడే హెచ్చినది. భూతగృహంలో వెనుదిరిగే ద్వారం ఉంటుంది. ఆటలో ఆపే మీట ఉంటుంది. ఎంత గొప్ప రూపకర్త అయినా దానిమీద ఆధారపడే భయపెడతాడు. ఆ మీట లేకపోతే అతని విద్య ఎవరికీ అక్కరలేదు.

జగర్గుండాలో కంచె లోపలి మనిషికి పొలమూ అడవీ కంచె బయటనే ఉండేవి. ఆ ప్రాంతపు పల్లెలనుంచి ఎందరో ఇల్లూవాకిలీ వదలి, సరిహద్దు దాటి, నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. సల్వాజుడుం పేరిట గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరాటంలోకి దించడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పినది. 2006లో మూతపడిన జగర్గుండా పాఠశాల మాత్రం 2019 జూన్ వరకు తెరుచుకోలేదు. ఆ పదమూడేళ్లలో బడి ఈడుకు వచ్చి, ఆ ఈడు దాటిపోయిన పిల్లలు ఆ ఊరిలో ఉన్నారు.