వృద్ధుల ధనము – సంతానధర్మము



శాలిబండలో పురాణకాలక్షేపము ముగిసిన పిదప ఒక వృద్ధమాత మా వద్దకు వచ్చి, “శాస్త్రిగారూ! హుండీలో రూపాయి వేయవలెనన్నా కొడుకును అడుగవలసి వచ్చుచున్నది” అన్నది. భర్త కట్టించిన ఇంటిని ఆమె కుమారునకు దానపత్రముతో వ్రాసి యిచ్చినది. పింఛను పుస్తకము కూడ అతనివద్దనే యున్నది. అన్నము పెట్టుచున్నాడు. కాని ఆమె చేతిలో ఏమియు మిగుల్చలేదు.

అన్నము పెట్టినంతనే ఋణము తీరునా? మహాభారతమున ఆశ్రమవాసపర్వమును చూడుడు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నీడలో జీవించెను. వనములకు పోవు ముందు భీష్మద్రోణాదులకును, తన కుమారులకును శ్రాద్ధము చేయుటకు ధనము కోరెను. భీముడు వలదనెను. అర్జునుడు అతనికి నచ్చజెప్పజూచెను. ధర్మరాజు తన ధనమునుండియే కావలసినంత ఇత్తునని విదురునితో చెప్పి పంపెను. కీడు తలపెట్టిన పెదతండ్రికే దానము చేయు చేయి ఉండవలెనని ధర్మజుడు తలచినప్పుడు, కన్నవారి మాట వేరుగ చెప్పవలెనా?

రాజశాసనమును ఈ ధర్మమునకు తోడుగ నిలిచినది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 60 ఏండ్లు నిండినవారికి రక్ష. తమను పోషింపవలెనను నిబంధనతో ఆస్తి నిచ్చినచో, పుచ్చుకొన్నవారు మాట తప్పినప్పుడు ఆ బదిలీని రద్దు చేయుమని 23వ సెక్షను క్రింద ట్రిబ్యునలును కోరవచ్చును. అట్టి నిబంధన ఉన్నట్లు రుజువు కావలెనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగ అన్వయింపవలెనని 2025 జనవరి 2న మరల చెప్పినది.

కావున పెద్దలారా! దానపత్రమున పోషణ నిబంధనను స్పష్టముగ వ్రాయించుడు. వీలునామా అయినచో మరణానంతరమే అమలగును, బ్రతికియున్నంతవరకు మార్చుకొనవచ్చును. “కన్నబిడ్డపై అపనమ్మకమా?” అని సంకోచింపవలదు. వివాహమున అగ్నిని సాక్షిగ నిలుపుట అపనమ్మకము చేతనా?

ఆ తల్లి పత్రమున పోషణమాట లేదు. అయినను బిడ్డలనుండి పోషణ కోరు హక్కు ఆమెకు ఉన్నదని చెప్పితిమి. ఆమె, “బిడ్డపై ఫిర్యాదు ఎట్లు చేయుదును?” అని కన్నీరు పెట్టుకొన్నది.

కుమారులారా! తల్లి నోరు మెదపకుండుట మీకు అనుమతి కాదు. ఆషాఢమున లాల్‌దర్వాజ అమ్మవారికి బోనము సమర్పించు ముందు, ఇంటి అమ్మ పింఛను పుస్తకము ఆమె చేతికి ఇండు.

స్వస్తి.