పలకరింపే ప్రాణాంతకమైన వేళ

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ బొంబాయి, ఢిల్లీ, మద్రాసులతో పాటు నాటి కలకత్తా నగరములోనూ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినది. మోడెము కూతకు చెవి యొగ్గి కూర్చున్న ఆ రోజులు మనలో పెద్దలకు గుర్తుండే ఉంటాయి. మరుసటి సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెర్ట్ కేంద్రము ఒక హెచ్చరికను వెలువరించినది. ఎక్కడో ఉన్న కంప్యూటరును ఒకే ఒక సందేశముతో స్తంభింపజేయవచ్చునన్నదే దాని సారాంశము. దానికి 'పింగ్ ఆఫ్ డెత్' అను పేరు స్థిరపడినది.

పింగ్ అనునది నిజమునకు క్షేమసమాచారము కనుగొను ఉపకరణము. 1983లో మైక్ మూస్ దీనిని వ్రాసి, జలాంతర్గాముల సోనారు ధ్వనిని బట్టి ఆ పేరు పెట్టినారు. "ఉన్నావా?" అని అడుగుట, "ఉన్నాను" అని జవాబు వచ్చుట, అంతే. ఇంత అమాయకపు పలకరింపు ఆయుధమెట్లయినది?

1981 నాటి నియమము ప్రకారము ఒక సందేశపు పొట్లము 65,535 బైట్లకు మించరాదు. ఈథర్‌నెట్ తీగపై ఒక్కసారికి 1,500 బైట్లే పోవును కనుక, పెద్ద పొట్లమును ముక్కలు చేసి, ప్రతి ముక్కపై దాని స్థానమును వ్రాసి పంపుదురు. ఆ స్థానమును 65,528 వరకు వ్రాయవచ్చును. ఆ చివరి ముక్క నూరు బైట్లు మోసుకొని వచ్చినచో మొత్తము హద్దు దాటిపోవును. విడివిడిగా ప్రతి ముక్కా సక్రమమే!

మన సైడింగునే తలచుకొనండి. వ్యాగన్లు ఒక్కొక్కటిగా వచ్చుచున్నవి. నంబరు చూచి నిలుపుచున్నారే గాని మొత్తము పొడవు కొలిచిన వారు లేరు. చివరి వ్యాగను బఫర్లను విరుచుకొని క్యాబిన్‌లోనికి దూసుకుపోవును. కంప్యూటరు జ్ఞాపకశాలలో జరిగినదీ ఇదే. మా దృష్టిలో దోషము నియమానిది కాదు. నియమము మీరి ఎవరు పంపుదురులే అని నమ్మిన ప్రోగ్రాము రచయితలదే.

కొలత వేసి చూచు నాలుగు పంక్తులు చేర్చగా ఆ జబ్బు నయమైనది, కాని వంశము అంతరించలేదు. 2013 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఐపీవీ6కు చెందిన ఇటువంటి లోపమును సరిదిద్దినది. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ, ప్రత్యేకముగా కూర్చిన కొన్ని ముక్కలతో లినక్స్ యంత్రములను ఆపివేయవచ్చునని బయటపెట్టినది.

సర్వర్లకు సవరణ చేర్చుటకు కోల్‌కతాలో మనకు విభాగమున్నది. గోడ మీది రౌటరుకు, హాజరు యంత్రమునకు, కాటా గదిలోని ప్రింటరుకు చేర్చువారెవరు? వాటిలోపలా ఈ ప్రోగ్రాములే ఉన్నవి. కాటా నిలిచిన నాడు లారీలు గేటు వెలుపల బారులు తీరును.