పలక లెక్కను పద్దు పుస్తకంలోకి ఎక్కించడం

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో ఉన్న మన ఆడపిల్లలకు ఒక్కోసారి చిత్రమైన పని తగులుతుంది. పైథాన్‌లో ఉన్న ప్రోగ్రామును హాస్కెల్ భాషలోకి మార్చాలి. పైథాన్ 1991లో వచ్చింది. ఏ పద్ధతిలో రాసినా సరేనంటుంది. హాస్కెల్ మొదటి నిర్వచనం 1990లో వెలువడింది. ఇది పట్టింపులున్న భాష. ఒక పేరుకు ఒకసారి విలువ ఇచ్చామా, ఇక దాన్ని మార్చనివ్వదు.

పాల లెక్కే తీసుకుందాం. పైథాన్‌లో మొత్తం సున్నా అని మొదలుపెట్టి, ఏ రోజు ఖరీదు ఆ రోజు కలుపుకుంటూ పోతాం. పలక మీద పాత అంకె చెరిపి కొత్తది వేసినట్టన్నమాట. హాస్కెల్ దగ్గర పలక లేదు, పద్దు పుస్తకమే ఉంది. నిన్నటి వరుస చెరగదు. ఇవాళ్టిది కలిపి కొత్త వరుస వేయాలి.

‘మొత్తం = మొత్తం + 40’ అని పైథాన్‌లో రాస్తే నలభై కలపమని అర్థం. అదే హాస్కెల్‌లో రాస్తే, మొత్తం అంటే మొత్తానికి నలభై కలిపినది అని చెప్పినట్టు. ఇక ఆ లెక్క ఎన్నటికీ తేలదు! అందుకే మాటకు మాట మార్చకూడదు. ప్రతి చుట్టులో మారుతున్నదేమిటో చూసి, దాన్ని ఒక రోజు చేతిలోంచి మర్నాటి చేతికి అందించాలి. అందుకు ఫోల్డ్ అనే సాధనం ఉండనే ఉంది. మొదటి విలువ, రోజుల జాబితా, ఒక రోజును కలిపే పద్ధతి ఇస్తే చాలు.

అసలు చిక్కు ఇంకొకటుంది. లెక్క మధ్యలో ‘ఇవాళ పాలు రాలేదు’ అని తెర మీద చూపే వాక్యం పైథాన్‌లో ఎవరికీ అడ్డు రాదు. హాస్కెల్‌లో అలా బయటికి చూపే పనికి ‘ఐఓ’ అని ముద్ర పడాలి. కొందరు ఎందుకొచ్చిన గొడవని మొత్తం ప్రోగ్రాముకే ఆ ముద్ర వేసేస్తారు. నడుస్తుందండీ, కాదనను. కానీ ఏది ఉత్త లెక్కో, ఏది బయటి పనో చూడగానే తెలియడం కోసమేగా ఇంత శ్రమపడి మార్చింది? లెక్కవేసే భాగం మొత్తాన్నీ, పాలు రాని రోజుల జాబితానూ జంటగా ఇవ్వాలి. చూపించడం చివర ఒక్కచోటే జరగాలి.

అంకెల దగ్గరా ఒక కన్నేసి ఉంచండి. పైథాన్ పూర్ణసంఖ్యలకు హద్దు లేదు. హాస్కెల్‌లో ‘ఇంట్’ అంటే నేటి యంత్రాల మీద మామూలుగా 64 బిట్లే. 21 ఫాక్టోరియల్ అడిగితే కిక్కురుమనకుండా రుణసంఖ్య ఇస్తుంది. ఆగిపోయిన ప్రోగ్రాము నయం, తప్పు మొత్తం చెప్పేదానితోనే ఇల్లు గుల్ల. ‘ఇంటీజర్’ వాడితే ఈ బాధ లేదు.

హాస్కెల్ నుంచి పైథాన్‌కు వచ్చేటప్పుడు చిక్కులు వేరు. తనను తాను పిలుచుకునే ఫంక్షను హాస్కెల్‌లో వేల మెట్లు దిగగలదు. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే పైథాన్ వెయ్యి దగ్గర ఆపేస్తుంది. అక్కడ మళ్లీ మామూలు చుట్టుగా రాసుకోవడమే మేలు.

మార్చడం అయ్యాక పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే లెక్కలతో నడిపి చూడండి. మామూలు నెల ఒక్కటే కాదు, ఒక్క చుక్క పాలు రాని నెలా, అసలు రోజులే లేని ఖాళీ జాబితా కూడా ఇవ్వండి.